పడవ పేరు తిరుపతమ్మ

3 ఫిబ్రవరి 2025, సోమవారం

జోగారావు ఇవాళ నా ఆఫీసుకు వచ్చాడు. కబురు పెట్టకుండా, స్వయంగా. దిల్‌సుఖ్‌నగర్‌లో లిఫ్టు లేని బిల్డింగ్, మూడో అంతస్తు. మెట్ల మీద కూర్చున్న కోచింగ్ పిల్లలను దాటుకుంటూ, రొప్పుతూ వచ్చి నా ఎదురు కుర్చీలో కూలబడ్డాడు. బైపాస్ అయిన మనిషి. మంచినీళ్ళు ఇచ్చాను.

పాస్‌పోర్టు ఫారాలు, వీసా కాగితాలు, సర్టిఫికెట్ల అటెస్టేషన్, ఇదీ నా పని. ఆయన తెచ్చిన పని ఇంతకుముందు ఎవరూ తేలేదు. మలేషియాలో లంకావి అనే దీవి దగ్గర ఒక తెరచాప పడవ అమ్మకానికి ఉందట. నలభై అడుగులది. ఆస్ట్రేలియా ముసలి దంపతులది. దాన్ని కొనాలట. కానీ తన పేరున వద్దట.

తన పేరున ఏదీ ఉండకూడదు. అది ఆయన పద్ధతి. ఎల్బీనగర్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా ఆయన వేసిన వెంచర్లలో భూములన్నీ కాగితాల మీద డ్రైవర్లవి, వాచ్‌మన్లవి, వంటమనిషివి. పడవకు మాత్రం పాస్‌పోర్టు ఉన్న మనిషి కావాలి. వాళ్ళలో ఎవరికీ లేదు. నాకుంది, ఇంగ్లీషూ వచ్చు, పైగా రామస్వామి కూతురిని.

నువ్వు మా ఇంటి పిల్లవేగా, నీ పేరున పెట్టేద్దాం, సంతకమే కదమ్మా, అన్నాడు.

సంతకమే కదా. మా నాన్నతోనూ ఇదే మాట అనేవాడు. నాన్న ఇరవై రెండేళ్ళు ఆయన కారు నడిపాడు. వేలు పెట్టి చూపించిన చోటల్లా చదవకుండా సంతకం పెట్టాడు. 2013లో చెరువు భూమిని ప్లాట్లు చేసి అమ్మిన కేసు బయటపడింది. పోలీసులు కాగితంలో పేరున్న మనిషిని పట్టుకుపోయారు. భూకబ్జాదారు రామస్వామి అని పేపర్లో ఫోటో వేశారు. సొంతానికి గజం జాగా లేని మనిషి. అరవై ఒక్క రోజులు జైల్లో ఉన్నాడు. జోగారావు ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. మా ఇంటికి రెండు బియ్యం బస్తాలు పంపించి, చేయాల్సింది చేశాననుకున్నాడు. అమ్మ ఆ బియ్యం ముట్టుకోలేదు. మరుసటి ఏడు అమ్మ పోయింది. నేను లా రెండో సంవత్సరంలో మానేశాను. ఐదేళ్ళకు కేసు కొట్టేశారు. ఆ వార్త ఏ పేపర్లోనూ రాలేదు.

ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించేదేముంది. కాగల కార్యం గంధర్వులే తీర్చారు.

ఆయన వెళ్ళాక కిందికి దిగి ఈ నోట్‌బుక్ కొన్నాను. నాకు కావలసింది ఒక్కటే, ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను. జోగారావు మా గడప ముందు నిలబడి, సంతకం పెట్టమని నాన్నను అడగాలి. కాదనే హక్కు నాన్న చేతిలో ఉండాలి.


6 ఫిబ్రవరి

ఎల్బీనగర్‌లో ఆయన ఆఫీసుకు వెళ్ళి సరేనన్నాను.

పడవ ఫోటోలు చూపించాడు. తెల్లటి ఒళ్ళు, పొడుగాటి స్తంభం. చూపిస్తూ చూపిస్తూ వేరే మనిషైపోయాడు. వాళ్ళ తాత గోదావరి రేవులో పడవ నడిపేవాడట. తాత పోయాక, ఆ పడవ వేరేవాడిదని కాగితం చూపించి ఎవరో తీసుకుపోయారట. అప్పుడు ఈయనకు ఆరేళ్ళు. వాళ్ళమ్మ తిరుపతమ్మ గట్టు మీద కూర్చుని ఏడ్చిందట. అందుకే ఈ పడవకు తిరుపతమ్మ అని పేరు పెట్టాలట. చెప్తుంటే ఆయన కళ్ళు తడిశాయి. నాకు ఒళ్ళు మండింది. కాగితం ఎంత పని చేస్తుందో ఆరేళ్ళకే తెలిసినవాడు, తెలిసే చేశాడన్నమాట.

ఆ వెంటనే గొప్పలు. అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక రైతు సంతకం పెట్టనని మొండికేస్తే వాడి వాకిట్లో నలభై రోజులు కూర్చున్నాడట. రోజూ పొద్దున్నే వెళ్ళడం, చాయ్ తాగడం, రావడం. ఓపికమ్మా, ఓపికే నా పెట్టుబడి, మనుషులు మారతారు, మనసులు మారతాయి, సర్వే నెంబరు మాత్రం మారదు, అన్నాడు.

ఆఖరి మాట మర్చిపోకూడదు.


7 ఫిబ్రవరి

రోజంతా చదివాను. పడవ భూమిలాంటిది కాదు, బండిలాంటిది. ఆంధ్ర నెంబరు బండిని ఇక్కడికి మార్పించుకుంటే కొత్త నెంబరు ఇస్తారు కదా, అలాగే. ప్రతి పడవకూ ఒక దేశం జెండా ఉండాలి. ఆ దేశం తన పుస్తకంలో రాసుకుని ఒక నెంబరు ఇస్తుంది. జెండా మారితే పాత దేశం తన పుస్తకంలోంచి కొట్టేసి డిలీషన్ సర్టిఫికెట్ ఇస్తుంది. కొత్త దేశం కొత్త నెంబరు ఇస్తుంది. పాత నెంబరు ఇక ఎందుకూ పనికిరాదు.

సర్వే నెంబరు మారదు. పడవ నెంబరు మారుతుంది.

ఇది జోగారావుకు తెలియదు. నేను చెప్పను.


20 ఫిబ్రవరి

పడవ అమ్మే ముసలావిడ మెయిల్ రాసింది. పద్దెనిమిదేళ్ళు అందులోనే కాపురం చేశారట, వాళ్ళాయనకు మోకాళ్ళు పోయాయట. వంటగది కిటికీ గొళ్ళెం కొంచెం బిగుసుకుంటుంది, మెల్లగా తిప్పమ్మా అని రాసింది. నేనే ఉండబోతున్నాననుకుంది. థాంక్స్ అని జవాబిచ్చాను.


11 మార్చి

సంతకాలైపోయాయి. ఒక చిన్న ద్వీపదేశం జెండా మాట్లాడాను. ముందు ఆరు నెలలకు ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, ఈలోపు పడవను తనిఖీ చేయించి పర్మనెంట్ చేసుకోవాలి. ఓనరు స్థానంలో అరుణజ్యోతి అని నా పేరు. డబ్బు దుబాయిలో ఎవరి దగ్గరి నుంచో వెళ్ళింది. నేను అడగలేదు. నేనూ కడిగిన ముత్యాన్నేం కాదు, ఆ సంగతి నాకు తెలుసు.

అనుకున్నట్టే జోగారావు ఇంకో కాగితం బయటికి తీశాడు. నేను పడవను అమ్మేసినట్టు బిల్ ఆఫ్ సేల్. తేదీ ఖాళీ. కొన్నవాడి పేరు ఖాళీ. పడవ నెంబరు దగ్గర కొత్త నెంబరు వచ్చాక రాసుకుంటాడట. నాన్న దగ్గరా ఇలాంటివే తీసుకునేవాడు. ఆయన లాకర్ నిండా తేదీల్లేని సంతకాలే.

ఇక్కడ పెట్టమ్మా అని వేలుతో చూపించాడు. నాన్నకు చూపించిన వేలు అదే. పెట్టాను.


12 మార్చి

నాన్నకు ఇంకా చెప్పలేదు. భోజనం దగ్గర మొహం చూడలేకపోయాను.


2 ఏప్రిల్

మార్చి 28న ప్రొవిజనల్ సర్టిఫికెట్ వచ్చింది. లంకావిలో పడవ కట్టేసిన మరీనా రేవు వాళ్ళు పడవ వెనక భాగం ఫోటో పంపారు. పాత పేరు గీకేసి, నీలం అక్షరాలతో THIRUPATHAMMA. కింద ఆ దేశం రేవు పేరు.

జోగారావు ఫోనును రెండు చేతులతో పట్టుకుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశాడు. అమ్మా అన్నాడు. నన్ను కాదు.

ఒక్క నిమిషం నా మనసు మెత్తబడింది. నిజం ఎందుకు దాచాలి. బయటికొచ్చి రింగురోడ్డు దగ్గర ఆటో కోసం నిలబడి, పర్సులోంచి పేపర్ కటింగ్ తీసి చూసుకున్నాను. నాన్న మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుంటుంటే కానిస్టేబుల్ లాగేస్తున్న ఫోటో. ఆటో వచ్చేసరికి నా మనసు నా దగ్గరికి వచ్చేసింది.


13 ఏప్రిల్

ఇక రెండో అడుగు. పడవను ఇంకో దేశం జెండా కిందికి మార్చాలి, ఓనరు నాన్న కావాలి. అప్పుడు లాకర్‌లోని కాగితం చిత్తుకాగితమే. అందులో ఉన్నది పాత దేశం నెంబరు, అమ్మే మనిషి నేను. ఆ దేశం పుస్తకంలో ఆ పడవా ఉండదు, నేనూ ఉండను. కోర్టుకు పోదామంటే ముందు పడవ తనదని ఆయన ఒప్పుకోవాలి. విదేశంలో నాకు పడవుంది అన్న మాట జోగారావు నోటి నుంచి రాదు. వస్తే, ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నకే బైపాస్ కుట్లు ఊడతాయి.

అన్నీ బాగానే ఉన్నాయి. కానీ నాన్నకు పాస్‌పోర్టు లేదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది.

నాన్న సంతకం పెట్టడు. జైలు నుంచి వచ్చాక మానేశాడు. కొరియర్ వస్తే తలుపు తీయడు. గ్యాస్ సిలిండర్ వాడు పుస్తకం చాపితే, మా బిడ్డ వచ్చినంక రా అంటాడు. మూడో క్లాసు దాకా చదివి, ఇష్టంగా నేర్చుకున్న సంతకం అది. చివర్లో కారు స్టీరింగులా గుండ్రంగా ఒక చుట్ట తిప్పేవాడు.


14 ఏప్రిల్

ఈరోజు నేను చేసింది రాయడానికి సిగ్గుగా ఉంది. రాస్తాను.

పాస్‌పోర్టు ఫారం నాన్న ముందు పెట్టాను. దేనికి బిడ్డా అన్నాడు. ఊరికే ఉంటే మంచిదన్నాను. నేను పెట్ట అన్నాడు. బతిమాలాను. వినలేదు. పని మీద పరేషాన్‌లో ఉన్నాను, నోరు జారింది. సంతకమే కదా నాన్నా అన్నాను.

నాన్న నా వైపు చూశాడు. కోపంగా కాదు. కారు వెనక సీట్లో కూర్చున్న మనిషిని అద్దంలోంచి చూసినట్టు చూశాడు. లేచి వెళ్ళి వాకిట్లో చెప్పులు సర్దడం మొదలుపెట్టాడు. సర్దడానికి అక్కడ రెండు జతలే ఉన్నాయి.


15 ఏప్రిల్

మొత్తం చెప్పేశాను. పడవ, జోగారావు, నా పేరు, తేదీ లేని కాగితం, ఎందుకు చేశాను, అంతా. కర్మన్‌ఘాట్ గుడికి మంగళవారం జనం వెళ్తున్న చప్పుడు, మా గల్లీలో ఒకటే స్కూటర్లు. మధ్యమధ్యలో ఆగి, అవి పోయాక చెప్పాను.

నువ్వు గూడ పెట్టినవా సంతకం, అన్నాడు నాన్న. అన్నం తినలేదు.


18 ఏప్రిల్

మూడు రోజులుగా ఫారం చదివి వినిపిస్తున్నాను. ఇంగ్లీషు ముక్క చదవడం, తెలుగులో చెప్పడం, నాన్న ప్రశ్న అడగడం. గీ గీత దేనికి? గీ డబ్బ ఖాళీ ఎందుకుంది? ఖాళీ డబ్బాలన్నిటిలో అడ్డగీతలు కొట్టించాడు. ఆ తర్వాత పడవ కాగితాల సంగతి అడిగాడు. జెండా, డిలీషన్, నెంబరు, అన్నీ బండి లెక్కన చెప్పాను. బండి లెక్కన చెప్తే నాన్నకు అన్నీ అర్థమవుతాయి. తను నడిపిన ఏడు కార్ల నెంబర్లూ ఇప్పటికీ ఆయన నోటి మీదే ఉంటాయి.

సాయంత్రం పెన్ను అడిగాడు. ముందు పాత కరెంటు బిల్లు వెనక నాలుగుసార్లు పెట్టి చూసుకున్నాడు. తర్వాత ఫారం మీద పెట్టాడు. చివర చుట్ట కొంచెం వణికింది.

నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.


9 మే

పోలీస్ వెరిఫికేషన్. కానిస్టేబుల్ మర్యాదస్తుడే, చాయ్ కూడా తాగాడు. అయినా ఆయన ఉన్నంతసేపూ నాన్న నిలబడే ఉన్నాడు.


30 మే

నాన్న పాస్‌పోర్టు వచ్చింది. ఫోటోలో మొహానికి తువ్వాలు లేదు.


11 జూన్

రెండో దేశం రిజిస్ట్రీకి కాగితాలు వెళ్ళాయి. అమ్మినది నేను, కొన్నది రామస్వామి. పడవ పేరు మార్చుకోవచ్చని ఫారంలో ఉంది. అమ్మ పేరు పెడదాం నాన్నా, యాదలక్ష్మి అని, అన్నాను. చాలా రోజులుగా మనసులో ఉన్న మాట.

నాన్న ఒప్పుకోలేదు. తిరుపతమ్మ పెద్దమనిషి నాకు అన్నం పెట్టింది, అన్నాడు. రాత్రి ఎంత ఆలస్యమైనా, డ్రైవరు తిన్నాడా అని అడిగి గానీ పడుకునేది కాదట. కొడుకు చేసినదానికి ఆమె పేరు గీకుడెందుకు, ఉండనీ, అన్నాడు.

నాకు నచ్చలేదు. తర్వాత ఆలోచిస్తే నచ్చింది. జోగారావు తల్లి పేరు, జోగారావు డ్రైవరు పడవ మీద. నేను ఎంత ఆలోచించినా ఇంత బాగా తట్టేది కాదు.


9 జూలై

వచ్చింది. కొత్త దేశం, కొత్త నెంబరు. ఓనరు రామస్వామి, కర్మన్‌ఘాట్, హైదరాబాద్. పాత దేశం డిలీషన్ సర్టిఫికెట్ కూడా జత చేశారు.

నాన్న సర్టిఫికెట్‌ను వెలుతురులో పెట్టి చూశాడు. నెంబరు చదవమన్నాడు. చదివాను. మళ్ళీ చదవమన్నాడు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అమ్మ పెట్టెలో చీరల కింద దాచాడు.


24 జూలై

తేలిపోయింది.

జోగారావు నలుగురు దోస్తులను వెంటేసుకుని లంకావి వెళ్ళాడు. ఇంతకుముందు నేనిచ్చిన ఓనరు లెటర్‌తో రెండుసార్లు పడవ ఎక్కాడు. ఈసారి మరీనా వాళ్ళు ఆ లెటర్ చెల్లదన్నారు. ఓనరు మారాడు, మిస్టర్ రామస్వామి లెటర్ తెండి అన్నారు. దోస్తుల ముందే.

అక్కడి నుంచే ఫోన్ చేశాడు. అరిచినవన్నీ ఇక్కడ రాయను. ఉప్పు తిన్న ఇంటికే ద్రోహం చేశావన్నాడు. మా అమ్మ మీ ఉప్పు ముట్టుకోలేదు, బియ్యం కూడా ముట్టుకోలేదన్నాను. పోలీసులకు చెప్తానన్నాడు. తప్పకుండా చెప్పండి, పడవ మీదేనని రాసివ్వండి, డబ్బు ఎట్లా వెళ్ళిందో కూడా రాయండి, స్పెల్లింగులు నేను చూసిపెడతానన్నాను.

ఆయన ఫోన్ పెట్టేయలేదు. ఫోన్‌లో సముద్రం చప్పుడు వినిపించింది. నేను సముద్రం వినడం అదే మొదటిసారి.


27 జూలై

మనుషులను పంపుతాడేమోనని భయపడ్డాను. ఎవరూ రాలేదు. ఆయన పద్ధతి అది కాదు. రైతు వాకిట్లో కూర్చోవడమే ఆయన పద్ధతి.


1 ఆగస్టు

వచ్చాడు. పొద్దున్న పది గంటలకు. గల్లీలో కారు పట్టదు, మూల మీద ఆపి నడిచి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో ఫైలు. గడప ముందు నిలబడి, రామస్వామీ బాగున్నావా, అన్నాడు. పన్నెండేళ్ళ తర్వాత.

రాండ్రి సార్ అని నాన్న కుర్చీ వేశాడు. నాకు కోపం వచ్చింది. నిలబెట్టాల్సింది.

ఫైలులోంచి కాగితం తీశాడు. నాన్న పడవను అమ్మినట్టు బిల్ ఆఫ్ సేల్. కోర్టు దగ్గర ఎవరితోనో రాయించుకున్నాడట. కొన్నవాడు ఈసారి ఆయన వంటమనిషి కొడుకు. ఆ మాట ఆ నోటితోనే అన్నాడు, సంతకమే కదా రామస్వామీ, అని.

నాన్న కాగితం అందుకోలేదు. చదివి చెప్పుండ్రి సార్ అన్నాడు. నాకు ఇంగ్లీషు రాదు, మీరు చదివితే వింట.

జోగారావుకూ ఇంగ్లీషు అంతంతే. ఆయన ఎప్పుడూ చదవలేదు, ఎదుటివాళ్ళకు వేలు చూపించాడు. కూడబలుక్కుంటూ చదివాడు. నెంబరు దగ్గరికి వచ్చేసరికి నాన్న చెయ్యెత్తాడు. నెంబరు మళ్ళొకసారి చదువుండ్రి, అన్నాడు. చదివాడు.

మంచిది సార్, ఇయ్యాల మనసుల పడ్తలేదు, రేపు రాండ్రి, అన్నాడు నాన్న.

నేను లోపలి గదిలో నిలబడి ఉన్నాను. అనుకున్నది జరిగింది. నా కడుపు చల్లబడాలి. పడలేదు. ఎందుకో రేపు రాస్తాను.


2 ఆగస్టు

ఆ కాగితం మీద ఉన్నది పాత నెంబరు.

తన దగ్గరున్న ప్రొవిజనల్ జిరాక్సు చూపించి రాయించుకున్నాడు. మనుషులు మారినా సర్వే నెంబరు మారదు కదా ఆయన లెక్కలో. నాన్న సంతకం పెట్టినా ఆ కాగితం దేనికీ పనికిరాదు. ఏ రిజిస్ట్రీ తీసుకోదు. ఇది నాకు తెలుసు. జోగారావుకు తెలియదు.

నాన్నకు చెప్పలేదు. చెప్తే ఆ మనిషి ఉండబట్టలేక ఆయనతో, సార్ నెంబరు తప్పుంది, అనేస్తాడు. అంత సాదాసీదా మనిషి. కానీ చెప్పకుండా సంతకం పెట్టనిస్తే నాకూ జోగారావుకూ తేడా ఏంటి? ఆ ప్రశ్న రాసి అరగంట కూర్చున్నాను. అయినా చెప్పలేదు.

జోగారావు ఇవాళ కూడా వచ్చాడు. చదివాడు. రేపు రాండ్రి సార్.


9 ఆగస్టు

రోజూ పదింటికి వస్తున్నాడు. రోజూ మొదటి నుంచి చదవాలి. రోజూ నాన్న, నెంబరు మళ్ళొకసారి, అంటాడు. రోజూ నేను తలుపు చాటున నిలబడి వింటాను. రోజూ, రేపు రాండ్రి.


21 ఆగస్టు

జోగారావు ఆయాసపడుతున్నాడు. నాన్న మంచినీళ్ళు ఇచ్చాడు. ఇద్దరూ పాత అంబాసిడర్ గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నారు. తిరుపతమ్మ చివరి రోజుల్లో నాన్న గురించి అడిగిందట. ఏం చెప్పారు సార్ అన్నాడు నాన్న. ఊరెళ్ళాడని చెప్పానన్నాడు జోగారావు. నాన్న తల ఊపాడు.

రేపు రాండ్రి సార్.

ఆ మాటలు వింటుంటే నాకు జాలి వేయాలి. వేయలేదు. ఊరెళ్ళాడట!


4 సెప్టెంబర్

వానలు. సరూర్‌నగర్ చెరువు వైపు గణపతి లారీలు, రోడ్లన్నీ బంద్. ఇవాళ తప్పించుకుంటాడనుకున్నాను. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, కవర్లో ఫైలుతో వచ్చాడు. ఎంత దూరం నడిచాడో. పడవంటే ఆయనకు ప్రాణం. అది తెలిసే కొట్టాను, సరిగ్గా తగిలింది.

వెళ్ళాక నాన్న గోడ మీది క్యాలెండర్‌లో ఏదో గీస్తుంటే చూశాను. ఆగస్టు ఒకటి నుంచీ ప్రతి తేదీకీ అడ్డగీత ఉంది. నేను గమనించనే లేదు. ఇవాళ్టితో ముప్ఫై ఐదు.


5 సెప్టెంబర్

నాన్న ఏ రోజు దగ్గర ఆపుతాడో నాకు అర్థమైంది. అడగలేదు.


17 సెప్టెంబర్

నలభై ఎనిమిది. రైతు వాకిట్లో నలభైయే కూర్చున్నాడు. సొంత రికార్డు దాటేశాడు.

చాయ్ పెడుతుంటే చెయ్యి కాలింది. రోజూ అనుకుంటున్నాను, ఈ సాయంత్రం నాన్నకు నెంబరు సంగతి చెప్పాలని. రోజూ, రేపు చెప్తాలే, అనుకుంటున్నాను. నేనూ నాన్న మాటే అంటున్నాను.


28 సెప్టెంబర్

పాత ప్రొవిజనల్ గడువు తేదీ ఇవాళే. అది ఎప్పుడో చచ్చిన రిజిస్ట్రేషన్, ఇవాళ దాని దినం అనుకోవాలి. జోగారావు ఆ నెంబరే చదివాడు. ఇప్పుడు చూడకుండా చదువుతున్నాడు, పిల్లలు ఎక్కం చెప్పినట్టు.


30 సెప్టెంబర్

అరవై ఒకటి. నాన్న జైల్లో ఉన్నన్ని రోజులు.

సద్దుల బతుకమ్మ. గల్లీలో పొద్దున్నుంచే పూల బుట్టలు, తంగేడు, గునుగు. జోగారావు పది గంటలకు వచ్చాడు. చిక్కిపోయాడు. కుర్చీలో కూర్చుని ఫైలు తెరవబోతే నాన్న ఆపాడు. ఇయ్యాల చదవకుండ్రి సార్, అన్నాడు. ఆయన మొహం పాలిపోయింది.

నాన్న కళ్ళజోడు పెట్టుకున్నాడు. కాగితం తన ఒళ్ళోకి తీసుకున్నాడు. ఖాళీ డబ్బాలు మూడున్నాయి, మూడింట్లోనూ అడ్డగీతలు కొట్టాడు. పెన్ను తన జేబులోంచే తీశాడు. అది ఎప్పుడు కొన్నాడో నాకు తెలియదు.

చెప్పాల్సిన క్షణం అదే. గడప దాకా వచ్చాను. నోరు తెరిచాను. జోగారావు నా వైపు చూశాడు, ఎక్కడ ఆపుతానో అని, చేతులు జోడించినంత పని చేశాడు. ఆ మొహం చూశాక నా నోరు మూసుకుపోయింది. జాలితో కాదు.

నాన్న సంతకం పెట్టాడు. తీరిగ్గా. చివర చుట్ట పూర్తిగా తిరిగింది, వణకలేదు.

జోగారావు కాగితాన్ని కళ్ళకు అద్దుకున్నాడు. మంచివాడివయ్యా రామస్వామీ, అన్నాడు. నాన్న ఆయనను గల్లీ మూల దాకా సాగనంపి, కారు డోరు తీసి పట్టుకున్నాడు. పాత అలవాటు.

తిరిగి వచ్చి క్యాలెండర్ మీద ఆఖరి గీత గీసి, అన్నం పెట్టమన్నాడు. రెండుసార్లు అడిగి వేయించుకుని తిన్నాడు. నేను వడ్డించి, నా కంచం పక్కకు పెట్టాను. అసలు సంగతి దాచి నాన్న చేత సంతకం పెట్టించినవాళ్ళు ఇప్పుడు ఇద్దరు.


1 అక్టోబర్

పొద్దున్నే చెప్పేశాను. నాన్నా, అది పాత నెంబరు, ఆ కాగితం చెల్లదు, నాకు మొదటి రోజే తెలుసు, అని.

నాన్న చాయ్ సాసర్‌లో పోసుకుంటున్నాడు. తలెత్తలేదు. ఇరవై రెండేండ్లు డ్రైవింగ్ చేసిన బిడ్డా, నెంబరు చూడకుంట బండి ఎక్కుతనా, అన్నాడు.